అమ్మవారికి షుగర్ పడిపోయిన ఆదివారం

అమ్మవారికి పోయాల్సిన సాక లాక్కుని మనిషి నోట్లో పోసిన ఆంధ్రా నర్సును నేనే. ఎనభైల్లో కొంతకాలం దిల్‌సుఖ్‌నగర్ నుంచి సరూర్‌నగర్ చెరువు దాకా నన్ను అలాగే గుర్తుపట్టేవారు. కూరగాయల బండి దగ్గర నిలబడితే పక్కావిడ మోచేత్తో ఇంకొకావిడను పొడిచి "గామెనే, గామెనే" అని చూపించేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను పెట్టిన సెలైన్లు, కట్టిన కట్లు ఎవరికీ గుర్తులేవు. ఆ చెంబు ఒక్కటే గుర్తుంది.

నర్సింగు చదివే అమ్మాయిలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. బయోకెమిస్ట్రీ పేరెత్తగానే మొహం చిట్లిస్తారు. "సూది వెయ్యడానికి, పక్క మార్చడానికి ఇదంతా ఎందుకు మేడమ్?" అని అడుగుతారు. ఎందుకో నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. చదివాక కూడా ఎందుకని అడిగితే ఇక నా దగ్గర సమాధానం లేదు.

నేను బందరు వైపు నుంచి వచ్చి చేరేనాటికి దిల్‌సుఖ్‌నగర్ దాటితే నగరం అయిపోయినట్టే ఉండేది. అక్కణ్నుంచి ఎల్బీ నగర్ దాకా రోడ్డు పక్కన ఇంకా ద్రాక్ష తోటలు కనిపించేవి. నేను చూస్తుండగానే ఆ పందిళ్లు పీకేసి, సున్నంతో గీతలు గీసి, హద్దు రాళ్లు పాతి, కాలనీ పేరు రాసిన రేకు బోర్డులు నిలబెట్టారు. ఆ బోర్డుల కోసమే మాలాంటి కోస్తా వాళ్లు సామాన్లతో సహా బస్సులు దిగేవారు. మా నర్సింగ్ హోమ్ కూడా అలాంటి ఒక కాలనీ మొదట్లోనే ఉండేది. కింద మందుల షాపు, పైన పది మంచాలు, వెనక రేకుల షెడ్డులో నర్సింగు స్కూలు. పొద్దున వార్డులో పని, మధ్యాహ్నం షెడ్డులో పోషకాహారం, బయోకెమిస్ట్రీ పాఠాలు. రెండూ నా నెత్తినే ఉండేవి. ఎండాకాలం ఆ రేకుల కింద ప్రొటీన్ల గురించి చెబుతుంటే ముందు నేనే ఉడికిపోయేదాన్ని.

ఆ బిల్డింగు పాత సరూర్‌నగర్ ఊళ్లోని ఒక రైతు కుటుంబానిది. ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దాయన తెల్లటి బట్టల్లో మోటార్ సైకిల్ మీద తిరుగుతూ ప్లాట్ల బేరాలు చూసేవాడు. చిన్నాయన అన్న ఏమంటే దానికి తల ఊపేవాడు. మూడోవాడొకడు ఉండేవాడట. విజయవాడ రోడ్డు మీద లారీ ప్రమాదంలో పోయాడు. అతని భార్య, ఓ చిన్న కూతురు అత్తగారింట్లోనే ఉన్నారు. ఆ అత్తగారే నేను చెప్పబోయే మనిషి. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని.

పెద్దమ్మ మొదటిసారి మా దగ్గరికి చలికాలంలో వచ్చింది. కాలి మీద పుండు మానడం లేదు. షుగర్ ఉందని అంతకుముందు ఎండాకాలంలోనే పెద్ద దవాఖానాలో తేల్చి ఇన్సులిన్ మొదలుపెట్టారు. గాజు సిరంజి ఉడకబెట్టుకుని తన సూది తనే వేసుకునేది. ఆ వయసులో, చదువు లేకుండా, చెయ్యి వణక్కుండా అంత శుభ్రంగా సూది వేసుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు. అయితే సూది ఎలా వెయ్యాలో చెప్పిన వాళ్లు, సూదికీ తిండికీ ఉన్న లంకె మాత్రం చెప్పలేదు. రోజూ వందల మందిని చూసే చోట అంత తీరిక ఎవరికుంటుంది?

ఆ పాఠం నేను చెప్పాను. పుండు కడుగుతూ వారం రోజుల పాటు చెప్పాను. "మన కాలేయంలో కొంత చక్కెర నిలవ ఉంటుంది పెద్దమ్మా. తినని పూట ఒళ్లు దాన్నే కొంచెం కొంచెం తీసి వాడుకుంటుంది. మెదడుకి మాత్రం సొంత నిలవ లేదు, ఎప్పటికప్పుడు రక్తంలోంచి అందాల్సిందే. మామూలు మనిషికి రక్తంలో చక్కెర తగ్గగానే ఇన్సులిన్ దానంతటదే ఆగిపోతుంది. మీరు సూదితో ఎక్కించుకున్నది ఆగదు. మీరు తిన్నారో లేదో దానికి తెలీదు. ఉన్న చక్కెరంతా లాగేస్తుంది."

ఆమె కాసేపు ఆలోచించింది. "అంటే గుమ్మిల గింజలు అయిపోయినంక గూడ గది గోకుతనే ఉంటదన్నట్టు."

"అంతే. అప్పుడు చెమటలు పడతాయి, ఒళ్లు వణుకుతుంది, మాట తడబడుతుంది, మతి తప్పుతుంది. ఇంకా ఆలస్యమైతే ప్రాణానికే మోసం. అందుకే సూది వేసుకుంటే తినాలి, తినకపోతే సూది జోలికి పోకూడదు."

"ఇగ మల్ల చెప్పు. వణుకుతది, చెమటలు పోస్తయి. తర్వాత?"

అంత శ్రద్ధగా విన్న పేషెంటు నాకు అప్పటిదాకా తగల్లేదు. నా క్లాసులో ముందు వరుసలో కూచున్న పిల్లలు కూడా అలా అడిగేవారు కాదు. మా డాక్టరు గారితో గొప్పగా చెప్పుకున్నాను కూడా, పెద్దమ్మకి పరీక్ష పెడితే ఫస్టు క్లాసులో పాసవుతుందని.

ఆషాఢం వచ్చింది. ఒక ఆదివారం మా ఆయమ్మ నన్ను బోనాలు చూద్దువుగాని రమ్మని లాక్కుపోయింది. ఆవిడది ఆ ఊరే. "సిస్టరమ్మా, మీ దిక్కు గిసొంటియి ఉండయి. జర ముంగటికొచ్చి నిలవడు" అని నన్ను పోచమ్మ గుడి ముందు మంచి చోట నిలబెట్టింది. సన్నగా తుంపర పడుతోంది. డప్పులు దగ్గరయ్యే కొద్దీ గుండెల్లో మోగుతున్నట్టుంది. పసుపు రాసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టిన కుండలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వరుసగా వస్తున్నారు. అందరి కంటే ముందు పెద్దమ్మ. ఆ ఊళ్లో మొదటి బోనం వాళ్ల ఇంటిది. పక్కన పెద్ద కోడలు సాక చెంబు పట్టుకుని నడుస్తోంది. సాక అంటే అమ్మవారి ముందు ధారగా పోసేది. వాళ్ల ఇంట్లో బెల్లం నీళ్లు పోస్తారట. చనిపోయిన కొడుకు భార్య, చిన్న కోడలు మాత్రం కూతుర్ని చంకనేసుకుని జనం వెనకాల ఎక్కడో నిలబడి ఉంది.

గుడి ముందుకొచ్చేసరికి పెద్దమ్మ ఊగడం మొదలుపెట్టింది. ఎవరో గబుక్కున బోనం దించుకున్నారు. "శిగమొచ్చింది, శిగమొచ్చింది" అన్నారు జనం. మేము పూనకం అనేదాన్ని వాళ్లు శిగం అంటారు. డప్పుల జోరు పెరిగింది. ఆవిడ చేతికి వేపమండలు ఇచ్చారు, పాదాల మీద పసుపు నీళ్లు పోశారు. "పోయినేడు గూడ గిట్లనే ఒచ్చింది" అని ఆయమ్మ నా చెవిలో చెప్పి చేతులు జోడించింది. నిజం చెప్పొద్దూ, నేనూ జోడించాను.

ఊరి పెద్ద ఒకాయన ముందుకొచ్చి అడిగాడు. "తల్లీ, ఏం తక్కువైంది నీకు? ఏం గావాలె?"

పెద్దమ్మ కొడుకుల వైపు చూసింది. "నాకిచ్చిన మాటేమాయెరా? ఒక ఏడాదైపాయె. మూడో..." అంది. అక్కడ నాలుక మందగించింది. మళ్లీ "మూడో" అనబోయి ముద్దగా ఏదో అంది. చేతిలో వేపమండలు జారిపోయాయి.

నా చేతులు విడిపోయాయి. తుంపరకి నాకే చలి పుడుతోంది. ఆవిడ జాకెట్టు మాత్రం చెమటతో వీపుకి అతుక్కుపోయి ఉంది. నుదుటి మీద బొట్టు కరిగి కారుతోంది. దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, జిగటగా ఉంది. నాడి పరుగెడుతోంది. ఇది నేను పుస్తకంలో చదివి, బోర్డు మీద రాసి, వార్డులో చూసిందే. అయినా కళ్లెదుట ఇంతమంది దండాలు పెడుతుంటే పక్కనే నిలబడి నేనూ దండం పెట్టాను. ఆ నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

వెనక్కి తిరిగి చిన్న కోడలి కోసం వెతికి అరిచాను. "పొద్దున సూది వేసుకుందా?"

"ఏసుకున్నది" అందా పిల్ల బిక్కమొహంతో.

"ఏమైనా తిందా?"

"ఒక్కపొద్దు గదక్కా. బోనం ఎక్కినంకనే తింటరు."

ఇక ఆగలేదు. పెద్ద కోడలి చేతిలో చెంబు లాక్కున్నాను. పెద్దమ్మని కింద పడుకోబెట్టి, తల నా ఒళ్లోకి తీసుకుని పక్కకి తిప్పి, ఆ బెల్లం నీళ్లు కొద్దికొద్దిగా నోట్లో పోశాను. అదృష్టం బాగుండి ఇంకా మింగుతోంది. మింగలేని మనిషి నోట్లో ఏదీ పొయ్యకూడదు, ఊపిరి గొట్టంలోకి పోతుంది. అమ్మాయిలూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

డప్పులు ఆగిపోయాయి. దేవతకి పోయాల్సింది మనిషికి పోస్తున్నాను. అదీ శిగంలో ఉన్న మనిషికి. పెద్ద కొడుకు వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం జేస్తున్నవమ్మా? అమ్మవారు మీద ఉన్నది."

"మీద ఎవరున్నారో నాకు తెలీదండీ. ఒంట్లో చక్కెర లేదు. చెయ్యి వదలండి" అన్నాను.

ఎక్కణ్నుంచి వచ్చిందో నాకంత నోరు. వదిలేశాడు. ఆటోలో వేసుకుని నర్సింగ్ హోముకి చేర్చాం. డాక్టరు గారు నరంలోకి గట్టి గ్లూకోజు ఎక్కిస్తుంటే, సిరంజి ఇంకా ఖాళీ కాకముందే పెద్దమ్మ కళ్లు తెరిచింది. చుట్టూ చూసి, "నోరంత తియ్యగున్నది, ఏందిరా?" అంది.

కొడుకులిద్దరూ గోడకి చేరబడిపోయారు. డాక్టరు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పేషెంటు గురించి భయం ఒక వంతు, బిల్డింగు ఓనర్ల గురించి భయం మూడు వంతులు. "సిస్టర్, మీరే చెప్పండి వాళ్లకి, మీరైతే వివరంగా చెబుతారు" అని నన్ను ముందుకు తోశారు.

నాకు అదే కావాలి. క్లాసులో చెప్పినట్టు చెప్పాను. కాలేయం, నిలవ, సూది, మెదడు, ఒకటీ వదల్లేదు. "అది శిగం కాదండీ. ఆకలేసిన మెదడు. చక్కెర పడిపోతే మనిషి ఏం మాట్లాడుతుందో ఆ మనిషికే తెలీదు" అన్నాను.

పెద్ద కొడుకు అంతా విని నెమ్మదిగా అడిగాడు. "పోయినేడు గూడ గంతేనా?"

"అప్పటికి సూది మొదలుపెట్టారు కదా. ఒక్కపొద్దు ఉన్నారు కదా. అంతే అయ్యుంటుంది."

ఆయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు తల ఊపాడు. ఇద్దరి మొహాల్లోకీ ఒక తేట వచ్చింది. తల్లి బతికినందుకనుకుని నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున పెద్దమ్మకి ఉప్మా పెడుతూ మందలించాను. "ఫస్టు క్లాసు స్టూడెంటు అనుకున్నాను పెద్దమ్మా. తినని రోజు సూది వద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఎలా మరిచిపోయారు?"

"మర్చిపోలె బిడ్డా" అంది. "పోయినేడు తెల్వక అయ్యింది. ఈయేడు తెల్సి చేసిన."

చెంచా గిన్నెలో పెట్టేశాను.

ఆవిడ తాపీగా చెప్పుకొచ్చింది. మిగిలిన ద్రాక్ష తోట ప్లాట్లు చేసి అమ్మాలని కొడుకులు చూస్తున్నారు. పట్టా వాళ్లిద్దరి పేరునే ఉంది. చచ్చిపోయిన కొడుకు వాటా అతని భార్యకీ బిడ్డకీ ఇమ్మని ఈవిడ ఇంట్లో మొత్తుకుంటోంది. "నువ్వు ఊకో అమ్మా, నీకు తెల్వదు" అనడం తప్ప ఎవరూ చెవిన పెట్టలేదు. కిందటేడు బోనాల్లో ఆవిడ ఒళ్లు వణికి, మతి తప్పుతుంటే, మనసులో ఉన్న ఆ మాటే బయటికొచ్చింది. కొడుకులిద్దరూ కాళ్ల మీద పడి ఊరి ముందు ఒప్పుకున్నారు. నోట్లో బెల్లం ప్రసాదం పెట్టాక ఆవిడ తేరుకుంది. ఇంట్లో అమ్మ చెబితే వినని వాళ్లు గుడి ముందు అమ్మ చెబితే విన్నారు. తర్వాత ఇదుగో అదుగో అని ఏడాది దాటేశారు. భయానికి తోట అమ్మనూ లేదు, వాటా ఇవ్వనూ లేదు.

"ఆ దినం నాకేమైందో నాకు సమజ్ కాలె. నువ్వు గుమ్మి ముచ్చట చెప్పినవ్ సూడు, అప్పుడు సమజైంది. చెమటలు, వణుకు, మాట తడబడుడు. అన్ని నాకైనయే. గందుకే ఈయేడు పొద్దుగాల సూది ఏసుకున్న, తినలె."

నేను ఆ వారమంతా పుండు కడుగుతూ ఏం నేర్పించానో నాకప్పుడు అర్థమైంది. మంచం అంచున కూలబడ్డాను. "ప్రాణం పోయేది పెద్దమ్మా. నాటకం ఆడటానికి ప్రాణం పెడతారా?"

ఆవిడకి కోపం వచ్చింది. "నాటకమెందుకైతది? అమ్మ ఏ దారిల ఒస్తే ఏంది? సూది దారిల ఒచ్చింది" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్క మాట మిగిలిపాయె బిడ్డా. మూడో వాటా అని అనబోయిన. నువ్వు నోట్ల చక్కెర పోస్తివి."

తప్పు చేశానని నేననుకోలేదు. ఇప్పుడూ అనుకోవడం లేదు. ఇంకో పది నిమిషాలు పోతే ఆవిడ మళ్లీ లేచేది కాదేమో. మిగిలిన ఉప్మా కూడా తినిపించాకే మంచం మీంచి లేచాను.

అసలు దెబ్బ సాయంత్రం తగిలింది. చిన్న కోడలు వచ్చి వార్డు గుమ్మం దగ్గర నిలబడింది. తోట బేరం కుదిరిపోయిందట. వచ్చే ఆదివారం దాటిన బుధవారం రిజిస్ట్రేషను. "పోయినేడు అన్న మాట అమ్మది గాదట, షుగర్‌దట. దవాఖానల సిస్టరే చెప్పిందని పెద్దబావ ఊరంత చెప్తున్నడు" అని ఆగింది. "అక్కా, చక్కెర తక్కువైనప్పుడు అన్న మాట మాట గాదా?"

ముందురోజు ఆ అన్నదమ్ముల మొహాల్లో కనిపించిన తేట ఎందుకో అప్పుడు బుర్రకెక్కింది. ఏడాదిగా వాళ్లని పట్టుకున్న భయాన్ని నేనే, సొంత నోటితో, పాఠం చెప్పి మరీ వదిలించాను. తల కొట్టేసినట్టయింది. చంకలో ఉన్న పాపకి ఒక బిస్కెట్ ఇచ్చాను.

ఇంతలో ఊరి పెద్దలు ఇంకో సంగతి తేల్చారు. బోనం ఎక్కలేదు, సాక ఎంగిలైంది, కాబట్టి వచ్చే ఆదివారం అదే ఇల్లు, అదే మనిషి, మళ్లీ బోనం తియ్యాలి. లేకపోతే ఊరికి మంచిది కాదు. ఆ కబురు చెప్పడానికి పెద్ద కొడుకు నా దగ్గరికే వచ్చాడు. ఈసారి చాలా మర్యాదగా ఉన్నాడు.

"సిస్టర్, ఆదివారం మీరు మా ఇంటికాడికెల్లి గుడి దాక అమ్మ పక్కనే ఉండాలె. షుగర్ తక్కువ కావద్దు. కారు పంపిస్త."

అమ్మవారు రాకుండా కాపలా కాయడానికి నన్ను పెట్టుకుంటున్నాడాయన. డాక్టరు గారు వెనక నుంచి "వెళ్తారు, వెళ్తారు" అన్నారు. అప్పుడే మా నర్సింగ్ హోముకి రక్తంలో చక్కెర చూసే పట్టీలు కొత్తగా వచ్చాయి. పట్టీ కొన మీద రక్తపు చుక్క వేసి, నిమిషం ఆగి, తుడిచి, సీసా మీదున్న రంగులతో పోల్చి చూసుకోవాలి. ఖరీదైనవి కాబట్టి వాటిని కత్తెరతో నిలువునా రెండుగా చీల్చి వాడేవాళ్లం. తాళం వేసి దాచుకునే ఆ సీసాని డాక్టరు గారు తనంతట తనే తీసి నా చేతిలో పెట్టారు.

నాకు మాత్రం ఒకటే భయం. ఆవిడ మళ్లీ అదే పని చేస్తుంది. మిగిలిన మాట అనకుండా ఊరుకునే మనిషి కాదు. శనివారమే ఇంటికెళ్లి ఇన్సులిన్ సీసా అడిగాను. ఎదురు చెప్పకుండా తీసి ఇచ్చేసింది. ఆదివారం పొద్దున నేనే డోసు తగ్గించి సూది వేశాను. "ఇప్పుడు తినాలి పెద్దమ్మా" అన్నాను గట్టిగా. గొడవపడటానికి సిద్ధమై వెళ్లాను.

"పెట్టు, తింట" అంది.

"మరి ఒక్కపొద్దు?"

"అమ్మను అడిగిన. తినమన్నది."

నా ఎదుటే జొన్నరొట్టె తుంచుకుని, పప్పు అద్దుకుని, నెమ్మదిగా నమిలి తింది. ఇంకో సగం రొట్టె అడిగి వేయించుకుంది. కొడుకులిద్దరూ గుమ్మంలో నిలబడి చూసి ఎంత సంతోషపడ్డారో. పెద్దాయన నాకు టీ తెప్పించాడు. చిన్న కోడలు ఆ టీ నాకిచ్చి, అత్తగారి కంచం తీసుకుని, కళ్లు తుడుచుకుంటూ లోపలికెళ్లిపోయింది. ఆవిడ ఓడిపోయిందని ఆ పిల్ల అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

గుడి ముందు జనం కిందటి వారం కంటే ఎక్కువ. అమ్మవారు వస్తుందా, ఈ ఆంధ్రామె రానిస్తుందా అని చూడటానికే సగం మంది వచ్చారు. పెద్దమ్మ నిటారుగా నడిచింది. ఊగలేదు, వణకలేదు. బోనం ఎక్కించింది. పెద్ద కోడలు సాక పోసింది. అంతా అయిపోయింది. పెద్ద కొడుకు ఊపిరి పీల్చుకుని డప్పుల వాళ్లకి సైగ చేయబోయాడు.

"ఆగుండ్రి" అంది పెద్దమ్మ.

గుడి మెట్టు మీద కూచుని నా వైపు చెయ్యి చాపింది. "బిడ్డా, నీ పట్టీ తియ్యి. అందరి ముంగట సూడు. నా చక్కెరెంతున్నదో చెప్పు."

ఆవిడ ఏం చెయ్యబోతోందో అప్పటికి గానీ నాకు తట్టలేదు. వేలు పొడిచాను. పట్టీ మీద చుక్క వేశాను. అంతమంది నిమిషం పాటు అగ్గిపుల్లంత లేని ముక్క వైపు మెడలు సాచి చూశారు. తుడిచి, సీసా పక్కన పెట్టి చూశాను.

"బాగుంది. తక్కువ లేదు. మతి పోయేంత ఎక్కువా లేదు" అన్నాను.

"మతి సక్కగున్నదా?"

"ఉంది పెద్దమ్మా."

"ఇన్నరు గద" అంది జనం వైపు తిరిగి. గొంతు పెంచలేదు. ఇంటి వాకిట్లో పాలు పోయించుకునే గొంతుతోనే అంది. "ఇయ్యాల నా మీద అమ్మ లేదు. సూది జోరు గూడ లేదు. కడుపు నిండ తిన్న. ఇది నా మాట. సచ్చిపోయినోడు గూడ నా కొడుకే. తోటల మూడో వాటా నా చిన్న కోడలిది, దాని బిడ్డది. పోయినేడు మీరిద్దరు ఈడనే, గీ మెట్టు కాడనే ఒప్పుకున్నరు. ఇస్తరా, ఇయ్యరా? ఇయ్యము అంటే గదన్న చెప్పుండ్రి. నేను గూడ ఇంట."

పెద్ద కొడుకు మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. "ఇంటికి పోయి మాట్లాడుకుందమమ్మా" అన్నాడు.

"ఇంట్ల నా మాట ఎవరింటరు?"

ఆయన నా వైపు తిరిగాడు. ఆ కళ్లు నన్ను బతిమాలుతున్నాయి. "సిస్టర్, జర మళ్లొక్కసారి సూడుండ్రి."

చూశాను. చీల్చిన రెండో ముక్క తీసి, ఇంకో వేలు పొడిచి, అందరం మళ్లీ నిమిషం ఆగి చూశాం. పెద్దమ్మ చెయ్యి కొంచెం కూడా వణకలేదు. అదే రంగు వచ్చింది.

"అంతే ఉందండీ" అన్నాను.

చిన్న కొడుకు ఈసారి అన్న వైపు చూడలేదు. నేల చూస్తూ తల ఊపాడు. పెద్దాయన నోట్లోనే అన్నాడు, "ఇస్తమమ్మా" అని.

పెద్దమ్మ నా చేతిలోంచి వేలు లాక్కుని నెత్తురు చీర కొంగుకి తుడుచుకుంది.

"గట్టిగ చెప్పు కొడుకా. ఎనకున్నోళ్లకు ఇనవడాలె."